మరో భూమి మీద ప్రాణాన్ని వెతికే అంతరిక్ష టెలిస్కోపు: తరచుగా అడిగే ప్రశ్నలు

నాసా పంపాలనుకుంటున్న ఈ టెలిస్కోపు పేరు హ్యాబిటబుల్ వరల్డ్స్ అబ్జర్వేటరీ. దాని గురించి మాట వచ్చిన ప్రతిసారీ దాదాపు ఇవే సందేహాలు వస్తున్నాయి. ఎక్కువ మంది అద్దం ఎంత పెద్దదని అడుగుతారు. అసలు కష్టం గ్రహం పక్కనున్న నక్షత్రపు వెలుగును ఆపడంలో, ఆపిన చీకటిని రోజుల తరబడి చెదరకుండా నిలబెట్టడంలో ఉంది. అందుకే ఆ భాగానికి కింద ఎక్కువ చోటిచ్చాం. ప్రశ్నలను పని జరిగే దశల ప్రకారం పేర్చాం. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి ఎక్కడి నుంచైనా చదవొచ్చు.

## మొదటి సందేహాలు

ఈ టెలిస్కోపు కట్టడం మొదలైందా? ఎప్పుడు ఎగురుతుంది?

కట్టడం మొదలు కాలేదు, డిజైన్ కూడా ఖరారు కాలేదు. 2021 నవంబర్‌లో అమెరికా నేషనల్ అకాడమీస్ తమ దశాబ్ద సర్వేను, అంటే ఖగోళ శాస్త్రంలో వచ్చే పదేళ్ల ప్రాధాన్యాలు సూచించే నివేదికను, విడుదల చేసింది. అందులో మొదటి పెద్ద సిఫారసు ఇదే: దాదాపు 6 మీటర్ల అద్దంతో అతినీలలోహిత, దృశ్య, సమీప పరారుణ కాంతులు మూడింటినీ చూడగల అంతరిక్ష టెలిస్కోపు, 2040ల మొదటి భాగంలో ప్రయోగం, సుమారు 1,100 కోట్ల డాలర్ల ఖర్చు. అంతకు ముందు లువోయర్, హాబెక్స్ అని రెండు ప్రతిపాదనలు పోటీలో ఉండేవి. లువోయర్‌లో అద్దం 15 మీటర్లు లేదా 8 మీటర్లు, హాబెక్స్‌లో 4 మీటర్లు. రెండింటికీ మధ్యస్థంగా వచ్చిందే ఈ ఆలోచన. 2024 ఆగస్టులో నాసా గొడార్డ్ కేంద్రంలో దీని సాంకేతికతను పరిపక్వం చేసే కార్యాలయం మొదలైంది. ప్రస్తుతం జరుగుతున్న పనంతా కాగితం మీద, ప్రయోగశాల బల్లల మీద.

జేమ్స్ వెబ్ ఉంది కదా, అది చాలదా?

చాలదు. వెబ్ ఎక్కువగా చేసేది గ్రహం తన నక్షత్రం ముందు నుంచి దాటేటప్పుడు వాతావరణం గుండా వడకట్టి వచ్చే కాంతిని చదవడం. దీనికి గ్రహ కక్ష్య మన చూపు రేఖకు సరిగ్గా కలవాలి. సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ భూమి లాంటి గ్రహానికి అలా కలిసే అవకాశం 200లో 1. కలిసినా ఏడాదికి ఒక్కసారి, 13 గంటల పాటు, నక్షత్రపు వెలుగు 0.0084 శాతం తగ్గుతుంది. ఆ గ్రహపు పలచని వాతావరణం వేసే ముద్ర అందులోనూ చిన్న భాగమే.

అందుకే వెబ్ చూసే రాతి గ్రహాలు ట్రాపిస్ట్-1 లాంటి చిన్న ఎర్ర నక్షత్రాల చుట్టూ ఉన్నవి. అక్కడ సంకేతం పెద్దదే, కానీ నక్షత్రం మీది మచ్చలు, జ్వాలలు ఆ సంకేతంలో కలిసిపోతాయి. పైగా అలాంటి చోట గ్రహాలు తమ వాతావరణాన్ని నిలుపుకోగలవా అన్నదే ఇంకా తేలలేదు. వెబ్‌లోనూ కరోనాగ్రాఫులు, అంటే నక్షత్రపు వెలుగును ఆపే పరికరాలు, ఉన్నాయి. అయితే అవి వేరుచేయగలిగేది నక్షత్రం కంటే లక్ష రెట్లు మసకైన వాటిని, అటూ ఇటూగా. భూమి సూర్యుడి కంటే వెయ్యి కోట్ల రెట్లు మసక. ఈ తేడా ఎక్కువ గంటలు చూసినంత మాత్రాన పూడేది కాదు.

చిలీలో 39 మీటర్ల టెలిస్కోపు కడుతున్నారుగా, నేల మీది నుంచే చూడొచ్చు కదా?

ఎర్ర మరుగుజ్జు నక్షత్రాల విషయంలో చూడొచ్చు, చూడాలి కూడా. ప్రాక్సిమా సెంటారీ లాంటి చోట నివాసయోగ్య మండలంలోని (నీరు ద్రవంగా నిలవగల దూరంలోని) గ్రహానికీ నక్షత్రానికీ వెలుగులో తేడా కోటి రెట్ల స్థాయిలోనే ఉంటుంది. గ్రహం నక్షత్రానికి బాగా దగ్గరగా ఉండటం వల్ల దాన్ని విడదీయడానికి పెద్ద అద్దం కావాలి. ఆ పని ఎక్స్‌ట్రీమ్లీ లార్జ్ టెలిస్కోపు చేయగలదు.

సూర్యుడి లాంటి నక్షత్రాల దగ్గరికి వచ్చేసరికి మన గాలి అడ్డుపడుతుంది. గాలి కదలికలను సెకనుకు వెయ్యిసార్లు సరిదిద్దినా మిగిలిపోయే చెదురు కాంతి వెయ్యి కోట్ల వంతు స్థాయికి దిగదు. రెండో చిక్కు మన ఓజోన్ పొర. తరంగదైర్ఘ్యం 300 నానోమీటర్ల (నానోమీటరు అంటే మీటరులో వంద కోట్ల వంతు) లోపున్న కాంతిని అది నేలకు రానివ్వదు, మనం వెతికే ముఖ్యమైన గుర్తుల్లో ఒకటి సరిగ్గా అక్కడే ఉంది.

ఆ గ్రహాల మీద సముద్రాలు, ఖండాలు ఫోటోలో కనిపిస్తాయా?

కనిపించవు. 1990 ఫిబ్రవరి 14న వాయేజర్-1 సుమారు 600 కోట్ల కిలోమీటర్ల నుంచి తీసిన ఫోటోలో భూమి ఒక్క పిక్సెల్ కూడా నిండలేదు. ఇక్కడ దూరం కాంతి సంవత్సరాల్లో. ఎంత మంచి టెలిస్కోపుకైనా అది చుక్కే. అయితే గ్రహం తిరుగుతుంటే నేల, నీరు, మేఘాలు వంతులవారీగా మనవైపు వస్తాయి, చుక్క వెలుగు కొద్దిగా పెరిగి తగ్గుతుంది. దాని నుంచి రోజు పొడవును పట్టుకునే అవకాశం ఉంది. గ్రహం నెలవంకలా ఉన్న దశలో సముద్రం మీద పడిన కాంతి తళుక్కుమనడం కూడా నీటికి మంచి ఆధారం.

## ఏం వెతకాలి

ఒక్క చుక్క వెలుగు చూసి ప్రాణం ఉందని ఎలా చెబుతారు?

ఆ చుక్క కాంతిని రంగులుగా విడదీసి ఏ రంగులు తగ్గాయో చూస్తారు. ఒక్కో వాయువు ఒక్కో తరంగదైర్ఘ్యం దగ్గర కాంతిని మింగుతుంది: ఆక్సిజన్ 760 నానోమీటర్ల దగ్గర, నీటి ఆవిరి 940 దగ్గర గట్టిగా, 820 దగ్గర కాస్త తక్కువగా, ఓజోన్ 200 నుంచి 300 మధ్య చాలా బలంగా. ఆకుపచ్చని మొక్కలు 700 దాటగానే ఒక్కసారిగా ఎక్కువ కాంతిని వెనక్కి పంపుతాయి, అది కూడా ఒక గుర్తు.

ఈ పద్ధతిని మన భూమి మీదే పరీక్షించారు. 1990 డిసెంబర్‌లో గెలీలియో నౌక బృహస్పతికి వెళ్లే దారిలో భూమి పక్కనుంచి పోయింది. ఇక్కడ ప్రాణం ఉందన్న సంగతి తెలియనట్టే దాని కొలతలను విశ్లేషించి కార్ల్ సేగన్ బృందం 1993లో ఫలితాలు ప్రచురించింది. సమృద్ధిగా ఆక్సిజన్, దానితో పాటే మీథేన్, నేల మీద ఎరుపు కాంతిని మింగే ఏదో వర్ణకం. మూడూ కలిపి చూస్తే ప్రాణం తప్ప సులువైన వివరణ దొరకలేదు.

ఆక్సిజన్ కనిపిస్తే చాలు కదా?

చాలదు. ప్రాణం లేకుండానే ఆక్సిజన్ పోగయ్యే దారులున్నాయి. సముద్రపు నీరు ఆవిరై వాతావరణం పై పొరలకు చేరితే అతినీలలోహిత కాంతి దాన్ని విడగొడుతుంది. తేలికైన హైడ్రోజన్ అంతరిక్షంలోకి పారిపోయి ఆక్సిజన్ మిగిలిపోతుంది. యవ్వనంలో బాగా ప్రకాశించే ఎర్ర మరుగుజ్జుల చుట్టూ ఇది పెద్ద ఎత్తున జరగవచ్చు. పొడిగా ఉన్న గ్రహంలో కార్బన్ డయాక్సైడ్ విడిపోయినా ఆక్సిజన్ వస్తుంది.

అందుకే వెతికేది జంట వాయువులను. ఆక్సిజన్, మీథేన్ ఒకేచోట ఎక్కువ కాలం ఉండలేవు, ఒకదాన్నొకటి తినేస్తాయి. రెండూ కనిపిస్తున్నాయంటే రెండింటినీ ఎవరో నిరంతరం నింపుతున్నట్టే. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా ఉంటే మాత్రం అది అనుమానించాల్సిన గుర్తు. పరికరం 1,600 నానోమీటర్ల దాకా, వీలైతే ఇంకా పైకి చూడాలని పట్టుబట్టేది ఈ కార్బన్ వాయువులను పట్టుకోవడానికే. ఆక్సిజన్‌ను మాత్రమే చూసి మిగతావి చూడలేని టెలిస్కోపు జవాబు ఇవ్వదు, వాదన మొదలుపెడుతుంది.

అతినీలలోహిత కాంతి అవసరమా? అది లేకపోతే డిజైన్ సులువవుతుంది కదా?

సులువవుతుంది, కానీ భూమి చరిత్రలో పెద్ద భాగం కనిపించకుండా పోతుంది. మన వాతావరణంలో ఆక్సిజన్ మొదటిసారి చెప్పుకోదగ్గ మోతాదుకు చేరింది సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట. ఇప్పటి స్థాయికి దగ్గరగా వచ్చింది గత 50 కోట్ల ఏళ్లలోనే. మధ్యలోని సుదీర్ఘ కాలంలో భూమి నిండా సూక్ష్మజీవులున్నా ఆక్సిజన్ చాలా తక్కువ. 760 నానోమీటర్ల దగ్గర ఆ గీత దాదాపు కనిపించదు. కానీ ఆ కాస్త ఆక్సిజన్ నుంచి పుట్టే ఓజోన్ అతినీలలోహితంలో గట్టి ముద్ర వేస్తుంది. మరో భూమి ఏ వయసులో ఎదురవుతుందో మన చేతిలో లేదు కాబట్టి ఈ కిటికీ మూయకూడదు.

దీనికి ధర ఉంది. మామూలు వెండి పూత అతినీలలోహితాన్ని వెనక్కి పంపదు. అల్యూమినియం పూత వేసి, దాని మీద ఫ్లోరైడ్ పలచని పొర కప్పాలి. జిగుర్లు, తీగల తొడుగుల నుంచి వెలువడే కర్బన ఆవిరి కొద్ది నానోమీటర్ల మందాన అద్దం మీద పేరుకున్నా ఆ కాంతి పోతుంది. కట్టే గది శుభ్రత నుంచి ప్రతి జిగురు ఎంపిక దాకా ఈ నిబంధన వెంటాడుతుంది.

ఈ టెలిస్కోపు కనీసం 25 నివాసయోగ్య గ్రహాలు చూడాలని అందరూ అంటున్నారు. ఆ సంఖ్య ఎక్కడిది?

సంభావ్యత లెక్క. నివాసయోగ్య మండలంలోని రాతి గ్రహాల్లో 10కి 1 చొప్పున ప్రాణం ఉందనుకోండి. 25 గ్రహాలు చూస్తే ఒక్కదానిలోనూ కనిపించకపోయే అవకాశం 0.9ను 25 సార్లు గుణిస్తే వస్తుంది, సుమారు 7 శాతం. అంటే కనీసం ఒకటి దొరికే అవకాశం 93 శాతం. అదే 5 గ్రహాలతో ఆగిపోతే ఏమీ దొరకని అవకాశం 59 శాతం. అప్పుడు ఏమీ కనిపించకపోయినా దాని నుంచి నేర్చుకునేది ఉండదు. అద్దం సైజు, ఎన్నేళ్లు పనిచేయాలి, ఎన్ని నక్షత్రాలు చూడాలి అన్నవన్నీ ఈ 25 నుంచి వెనక్కి లెక్కకట్టినవే.

## పరికరం రూపకల్పన

అద్దం 6 మీటర్లే ఎందుకు? 4 అయితే ఏం?

నక్షత్రానికి ఎంత దగ్గర్లోని చుక్కను విడదీయగలమన్నది తరంగదైర్ఘ్యాన్ని అద్దం వ్యాసంతో భాగిస్తే వస్తుంది. కరోనాగ్రాఫ్ ఆచరణలో ఆ కోణానికి సుమారు మూడు రెట్ల బయటే బాగా పనిచేస్తుంది. 6 మీటర్ల అద్దంతో ఆక్సిజన్ గీత దగ్గర, అంటే 760 నానోమీటర్లలో, ఆ హద్దు 0.078 ఆర్క్‌సెకండ్లు (ఆర్క్‌సెకండు అంటే డిగ్రీలో 3,600వ వంతు). నీటి ఆవిరి దగ్గర, 940 నానోమీటర్లలో, 0.097. ఇప్పుడు 32.6 కాంతి సంవత్సరాల దూరంలో సూర్యుడు, భూమి ఉన్నాయనుకోండి. వాటి మధ్య కోణం 0.1 ఆర్క్‌సెకండు. అంటే నీటిని చూడటానికి 6 మీటర్లు బొటాబొటిగా సరిపోతాయి. 4 మీటర్లకు దిగితే అదే నీటి గీత కోసం 22 కాంతి సంవత్సరాల లోపే ఆగాలి, ఆ పరిధిలో తగిన నక్షత్రాలు చాలా తక్కువ.

పెద్ద అద్దం వల్ల సమయం కూడా కలిసొస్తుంది. కాంతి ఎక్కువ చేరుతుంది, గ్రహపు చుక్క చిన్నదై దాని కింద కలిసే నేపథ్య కాంతి తగ్గుతుంది. రెండూ కలిపితే నేపథ్యం ఎక్కువున్న చోట పట్టే సమయం వ్యాసం నాలుగో ఘాతంలో తగ్గుతుంది. 6 నుంచి 8 మీటర్లకు పోతే ఒక్కో వర్ణపటానికి (రంగులుగా విడదీసిన కాంతి కొలతకు) పట్టే సమయం మూడో వంతుకు వస్తుంది. అందుకే 8 మీటర్ల రూపం మీద కూడా అధ్యయనం జరుగుతోంది.

నక్షత్రపు వెలుగును ఎలా ఆపుతారు? మధ్యలో ఒక మచ్చ పెడితే సరిపోదా?

ఆలోచన అదే. సూర్యుడి చుట్టూ ఉండే కరోనా అనే పలచని పొరను గ్రహణం లేనప్పుడు చూడటానికి బెర్నార్డ్ లియో 1930ల మొదట్లో చేసిన కరోనాగ్రాఫ్ అలాంటిదే. అయితే కాంతి అల కాబట్టి మచ్చ అంచు దగ్గర వంగి చుట్టూ పాకుతుంది. ఆ పాకిన కాంతి తర్వాతి కటకాల దగ్గర ఒక వలయంలా పోగవుతుంది, దాన్ని మరో తెరతో కత్తిరిస్తారు. దాన్నే లియో తెర అంటారు.

ఇదంతా ఆదర్శ అద్దానికి. నిజమైన అద్దం మీద సూక్ష్మమైన ఎగుడుదిగుళ్లు తప్పవు. ఒక్కో ఎగుడుదిగుడు నక్షత్ర కాంతిలో కొంత పక్కకు విసిరి అచ్చం గ్రహంలా కనిపించే చుక్క వేస్తుంది. వాటిని స్పెకిల్స్ అంటారు. వీటిని చెరపడానికి డిఫార్మబుల్ అద్దాలు వాడతారు: పలచని అద్దం వెనుక వేల సంఖ్యలో చిన్న మీటలు, ఒక్కోటి అద్దాన్ని నానోమీటరులో చిన్న భాగం మేర ముందుకూ వెనక్కీ నెడుతుంది. పని ఇలా సాగుతుంది. ముందు కావాలనే మీటలను ఒక క్రమంలో కదిపి, స్పెకిల్ వెలుగు ఎలా మారిందో ఫోటో తీస్తారు. అలాంటి కొన్ని ఫోటోల నుంచి ఆ చోట అల ఎత్తునూ దశనూ లెక్కకడతారు. సరిగ్గా దానికి వ్యతిరేక దశలో అల పుట్టేలా మీటలను అమరుస్తారు. రెండు అలలూ కలిసి రద్దవుతాయి. ఈ చక్రం పదేపదే తిప్పితే నక్షత్రం పక్కన ఒక చీకటి ప్రాంతం తవ్వినట్టు తెరుచుకుంటుంది. గ్రహం కనిపించేది ఆ చీకట్లోనే.

ఒకే రంగులో ఇది తేలిక. 20 శాతం వెడల్పున్న రంగుల పట్టీ మొత్తంలో ఒకేసారి చీకటి చేయడం కష్టం, ఎందుకంటే ఒక రంగులో రద్దయిన అల పక్క రంగులో పూర్తిగా రద్దు కాదు. ముక్కలుగా కలిపిన అద్దమైతే ప్రతి సందు, ప్రధాన అద్దం ముందుండే రెండో అద్దాన్ని పట్టుకునే ప్రతి కడ్డీ కొత్త స్పెకిల్స్ పుట్టిస్తాయి. రెండో అద్దాన్ని పక్కకు జరిపి దారి ఖాళీగా ఉంచే రూపాలు పరిశీలనలో ఉన్నది ఇందుకే.

పికోమీటర్ల నిలకడ అంటున్నారు. నిజంగా అంత అవసరమా?

అవసరమే, లెక్క చిన్నదే. కాంతి తీవ్రత అల ఎత్తుకు వర్గం. తీవ్రత వెయ్యి కోట్ల వంతుకు దిగాలంటే అల ఎత్తు లక్ష వంతుకు దిగాలి. 500 నానోమీటర్ల కాంతిలో అంత చిన్న స్పెకిల్ పుట్టడానికి కాంతి అలలో ఒకటి రెండు పికోమీటర్ల (పికోమీటరు అంటే నానోమీటరులో వెయ్యో వంతు) ఎత్తున్న ముడత చాలు. హైడ్రోజన్ పరమాణువు వ్యాసమే సుమారు 100 పికోమీటర్లు. ముడత ఉన్నా పరవాలేదు, డిఫార్మబుల్ అద్దం సరిచేస్తుంది. సరిచేశాక అది కదలకూడదు. మొత్తం అద్దానికి కలిపి 10 పికోమీటర్ల స్థాయి నిలకడ కోరుతున్నది ఇందుకే.

కదిలించేవి రెండు. మొదటిది వేడి. డిగ్రీకి తన పొడవులో పది కోట్ల వంతు మాత్రమే సాగే గాజును తీసుకున్నా, 10 సెంటీమీటర్ల మందానికి ఒక డిగ్రీ మారితే 1 నానోమీటరు, అంటే 1,000 పికోమీటర్లు. కాబట్టి ఉష్ణోగ్రతను డిగ్రీలో వెయ్యో వంతు మేర పట్టి ఉంచాలి. టెలిస్కోపును ఒక నక్షత్రం నుంచి మరోదానికి తిప్పితే ఎండ పడే కోణం మారుతుంది, అందుకే అద్దం వెనుక హీటర్లు ఆగకుండా దిద్దుతుంటాయి. రెండోది అదురు. దిశ మార్చడానికి తిరిగే చక్రాల సన్నని కంపనం చట్రం గుండా అద్దానికి పాకుతుంది. చక్రాలను అద్దాల భాగం నుంచి వేరుచేయడం, లేదా చూసే సమయంలో అతి చిన్న థ్రస్టర్లతో నెట్టుకుంటూ పోవడం, ఈ రెండు దారులూ చూస్తున్నారు.

వెబ్ లాగా దీన్ని కూడా గడ్డకట్టేంత చల్లగా ఉంచుతారా?

ఉంచరు. అద్దం దాదాపు గది ఉష్ణోగ్రత దగ్గరే ఉంటుంది. తక్కువ వ్యాకోచం ఉండే గాజులు బాగా పనిచేసేది ఆ ఉష్ణోగ్రతలోనే, చల్లని అద్దం మీద ఆవిర్లు గడ్డకట్టి అతినీలలోహితాన్ని చంపుతాయి, నేల మీద పరీక్షించడమూ సులువు. నష్టం ఒకటే: 2 మైక్రోమీటర్లు దాటాక టెలిస్కోపు సొంత వేడి వెలుగే అడ్డొస్తుంది.

స్టార్‌షేడ్ పంపితే ఈ బాధలన్నీ తప్పుతాయి కదా?

చాలా వరకు తప్పుతాయి. పొద్దుతిరుగుడు రేకుల్లాంటి అంచులున్న పెద్ద తెరను టెలిస్కోపుకు చాలా దూరంలో నిలబెడితే నక్షత్ర కాంతి టెలిస్కోపులోకే రాదు, అద్దం పికోమీటర్ల నిలకడ అక్కర్లేదు, అతినీలలోహితం నుంచి పరారుణం దాకా విశాలమైన పట్టీ ఒకేసారి దొరుకుతుంది. హాబెక్స్ ప్రతిపాదనలో ఆ తెర వ్యాసం 52 మీటర్లు, దూరం 76,600 కిలోమీటర్లు. అంత దూరాన అది పక్కకు మీటరు మించి జరగకూడదు. ఒక నక్షత్రం నుంచి మరో నక్షత్రానికి తెరను జరపడానికి రోజులు, వారాలు పడతాయి, ప్రతి కదలికకూ ఇంధనం కరుగుతుంది. వందల సార్లు తిరిగి తిరిగి వెతికే పనికి అది సరిపోదు. కరోనాగ్రాఫ్‌తో వెతికి, దొరికిన మంచి గ్రహాలను లోతుగా చదవడానికి తర్వాత ఎప్పుడైనా తెరను పంపడం అర్థవంతం.

ఒక గ్రహాన్ని ఎన్ని గంటలు చూడాలి?

సూర్యుడి లాంటి నక్షత్రం 33 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే దాని చుట్టూ భూమి లాంటి గ్రహపు వెలుగు 30వ పరిమాణం (నక్షత్రాల వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ మసక). కంటికి కనిపించే అతి మసక నక్షత్రం కంటే దాదాపు 400 కోట్ల రెట్లు మసక. 6 మీటర్ల అద్దం మొత్తం మీద, 100 నానోమీటర్ల వెడల్పు పట్టీలో, పడేది మూడు నాలుగు సెకన్లకు ఒక ఫోటాన్, అంటే ఒక్క కాంతి రేణువు. అద్దాలు, తెరలు, ఫిల్టర్లు దాటి డిటెక్టరుకు చేరేది పదో వంతు అనుకుంటే అరనిమిషానికి ఒకటి. ఆక్సిజన్ గీతను చూడాలంటే కాంతిని 5 నానోమీటర్ల గదులుగా పంచాలి. అప్పుడు ఒక్కో గదికి పది పదకొండు నిమిషాలకు ఒక్క ఫోటాన్.

నేపథ్యం ఏమీ లేకపోతే ఒక్కో గదికి 100 ఫోటాన్లు చేరడానికి 18 గంటలు. నిజంలో మన సౌర మండలపు ధూళి, అక్కడి ధూళి, మిగిలిన స్పెకిల్స్ అన్నీ కలుస్తాయి కాబట్టి వందల గంటలు దాటొచ్చు. డిటెక్టరు తనంతట తాను పది నిమిషాలకు ఒక తప్పుడు ఎలక్ట్రాన్ పుట్టించినా అది గ్రహపు సంకేతంతో సమానం. ఫోటాన్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే, అంతరిక్ష వికిరణం తగిలినా ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా ఉండే డిటెక్టరు కావాలి. దీని మీద జరిగే పని బయట పెద్దగా వినిపించదు, కానీ ఈ ప్రాజెక్టు నిలబడేదీ పడేదీ ఇక్కడే కావచ్చు.

## ఎక్కడ చూడాలి

ఏ నక్షత్రాలను చూస్తారు?

2023లో నాసా ఎక్సోప్లానెట్ కార్యక్రమం 164 సమీప నక్షత్రాల ప్రాథమిక జాబితా తయారుచేసింది. సూర్యుడి కంటే కాస్త వేడివి, సూర్యుడి లాంటివి, కాస్త చల్లనివి ఉన్నాయి. ఎంపికలో రెండు వైపులా లాగుడు ఉంటుంది: వేడి నక్షత్రమైతే నివాసయోగ్య మండలం దూరంగా ఉండి విడదీయడం తేలిక, కానీ వెలుగు తేడా పెరుగుతుంది. చల్లని నక్షత్రమైతే తేడా తగ్గుతుంది, కానీ గ్రహం మరీ దగ్గరికి వచ్చి కరోనాగ్రాఫ్ హద్దులో దాగుతుంది. 12 కాంతి సంవత్సరాల దూరంలోని టౌ సెటీ లాంటివి కోణం పరంగా చాలా మంచివి. ఆల్ఫా సెంటారీ ఇంకా దగ్గర, కానీ అది జంట. ఒకదాని వెలుగు ఆపితే రెండోదాని చెదురు కాంతి వచ్చి పడుతుంది.

అక్కడ ధూళి ఎక్కువగా ఉంటే?

గ్రహం ఆ మసకలో మునిగిపోతుంది. అరిజోనాలోని లార్జ్ బైనాక్యులర్ టెలిస్కోపుతో చేసిన హోస్ట్స్ సర్వే ఫలితాలు 2020లో వచ్చాయి. సూర్యుడి లాంటి నక్షత్రాల దగ్గర ధూళి మధ్యస్థంగా మన సౌర మండలానికి 3 రెట్లు ఉండొచ్చని అంచనా, కానీ కొలతల్లో అనిశ్చితి పెద్దది. ఈ స్థాయిని తట్టుకోవచ్చు. ధూళి సమంగా పరుచుకుంటే తీసివేయొచ్చు. గుట్టగా పోగైతే అది గ్రహంలాగే కనిపిస్తుంది, ఇబ్బంది అక్కడ.

చుక్క కనిపించింది. అది గ్రహమే అని ఎలా తెలుస్తుంది?

కొన్ని నెలల తర్వాత మళ్లీ చూస్తారు. దగ్గరి నక్షత్రాలు ఆకాశంలో వేగంగా జరుగుతాయి, టౌ సెటీ ఏడాదికి 1.9 ఆర్క్‌సెకండ్లు. వెనుకనున్న దూరపు నక్షత్రమైతే అక్కడే మిగిలిపోతుంది, గ్రహమైతే వెంట వస్తుంది. మూడు నాలుగు సార్లు చూస్తే కక్ష్య తేలుతుంది, అది నివాసయోగ్య మండలంలో ఉందో లేదో తెలుస్తుంది. ఈ మధ్యలో గ్రహం నక్షత్రానికి దగ్గరగా పోయి కనిపించకుండా పోవడం మామూలే, ఒక్కసారి చూసి లేదనుకోకూడదు.

ద్రవ్యరాశి వేరే దారిలో రావాలి. భూమి తన ఆకర్షణతో సూర్యుణ్ణి కదిపే వేగం సెకనుకు 9 సెంటీమీటర్లు. నక్షత్ర ఉపరితలం తనే సెకనుకు మీటర్ల వేగంతో కుతకుతలాడుతుంటుంది. ఆ గోలలోంచి 9 సెంటీమీటర్లను వెలికితీయడానికి నేల మీది పరికరాలతో ఇప్పటి నుంచే ఈ నక్షత్రాలను ఏళ్ల తరబడి కొలుస్తూ ఉండాలి. టెలిస్కోపు ఎగిరాక మొదలుపెడితే ఆలస్యం.

## కట్టడం, పంపడం, కాపాడటం

2040ల దాకా ఎందుకు ఆగాలి?

వెబ్ 1990ల మధ్యలో ఆలోచనగా మొదలై 2021 డిసెంబర్ 25న ఎగిరింది, ఖర్చు 1,000 కోట్ల డాలర్లకు చేరింది. పరిపక్వం కాని సాంకేతికతతో నిర్మాణంలోకి దిగితే ఒక్క భాగం ఆలస్యమైనా వేల మంది జీతాలు ఆగకుండా నడుస్తాయి, ఖర్చు అక్కడే పెరుగుతుంది. అందుకే ఈసారి కరోనాగ్రాఫ్, నిలకడైన అద్దాలు, డిటెక్టర్లు ముందే ప్రయోగశాలలో రుజువు కావాలని, ఆ తర్వాతే డిజైన్ గట్టిపరచాలని దశాబ్ద సర్వే కోరింది. రోమన్ అంతరిక్ష టెలిస్కోపులోని కరోనాగ్రాఫ్ ఈ దారిలో పెద్ద మెట్టు. ఒక్కోటి 48 వరుసలు, 48 నిలువుల మీటలున్న రెండు డిఫార్మబుల్ అద్దాలతో అంతరిక్షంలో చీకటి తవ్వడం దానితోనే మొదటిసారి పరీక్షిస్తారు. భూమి లాంటి గ్రహం దానికి అందదు, బృహస్పతి లాంటివి అందవచ్చు.

15 లక్షల కిలోమీటర్ల దూరంలో చెడిపోతే ఎవరు బాగుచేస్తారు?

రోబోలు, అదీ ముందే అలా కడితేనే. 1990లో ఎగిరిన హబుల్ అద్దం అంచు దగ్గర 2.2 మైక్రోమీటర్లు తప్పుగా చెక్కి ఉంది. 1993లో వ్యోమగాములు వెళ్లి సరిదిద్దే పరికరం పెట్టారు, 2009 దాకా మొత్తం ఐదుసార్లు వెళ్లారు. ఈ టెలిస్కోపు నిలిచేది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని ఎల్-2 బిందువు దగ్గర, సూర్యుడికి అవతలి వైపు. మనుషులు వెళ్లే చోటు కాదు. కాబట్టి పరికరాలను సొరుగుల్లా బయటికి లాగి మార్చగలిగేలా, ఇంధనం నింపే మూతలు రోబో చేతికి అందేలా మొదటి బొమ్మలోనే పెట్టాలి. కట్టాక కలపడం కుదరదు. 2022 మేలో ఒక ఉల్కా రేణువు వెబ్ అద్దం ముక్క ఒకదాన్ని శాశ్వతంగా దెబ్బతీసింది. అద్దం చుట్టూ గొట్టం లాంటి కవచం కావాలనడానికి అది కూడా ఒక కారణం.

## ఫలితం వచ్చాక

ప్రాణం దొరికిందని ఎప్పుడు ప్రకటిస్తారు?

ఒక్క రోజున ఒక్క ప్రకటనగా రాదు. 2021లో నాసా శాస్త్రవేత్తలు ఏడు మెట్ల కొలమానం ప్రతిపాదించారు. మొదటి మెట్టు సంకేతం కనిపించడం, తర్వాతిది అది పరికరపు దోషం కాదని తేల్చడం, ఆ తర్వాత ప్రాణం లేని మార్గాలన్నీ కొట్టేయడం, చివరికి వేరే పద్ధతిలో స్వతంత్రంగా నిర్ధారించడం. 124 కాంతి సంవత్సరాల దూరంలోని కె2-18బి అనే గ్రహం మీద డైమిథైల్ సల్ఫైడ్ (భూమి మీద ఎక్కువగా సముద్ర జీవుల నుంచి వచ్చే వాయువు) ఉండొచ్చని 2025 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జ్ బృందం చెప్పింది. అదే డేటాను వేరే పద్ధతుల్లో చూసిన ఇతర బృందాలు ఒప్పుకోలేదు. శాస్త్రంలో ఇది జరగాల్సిన తీరే. మొదటి రెండు మెట్ల వార్తను ఏడో మెట్టుగా చదవకుండా ఉంటే చాలు.

25 గ్రహాలూ చూసి ఏమీ దొరకకపోతే డబ్బు వృథానా?

25 వర్ణపటాలూ శుభ్రంగా వచ్చి, అన్నింటిలోనూ జీవసంకేతం లేదని గట్టిగా చెప్పగలిగితే, అలాంటి గ్రహాల్లో ప్రాణం కనిపించేవి 11 శాతానికి మించవని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. ఇప్పుడు మన దగ్గర అలాంటి హద్దు ఏదీ లేదు. దాంతో పాటు రాతి గ్రహాలు వాతావరణాన్ని ఎలా నిలుపుకుంటాయో, వాటిలో ఎన్నింటికి నీటి ఆవిరి ఉందో మొదటిసారి తెలుస్తుంది. అదే టెలిస్కోపు సమయంలో మిగతా భాగం గెలాక్సీలకు, నక్షత్రాల పుట్టుకకు, మన సౌర మండలానికి పోతుంది.

ఆ "లేదు" ఏ ప్రాణానికి వర్తిస్తుందో మాత్రం జాగ్రత్తగా రాయాలి. వాతావరణాన్ని మార్చేంతగా విస్తరించిన ప్రాణానికే అది వర్తిస్తుంది. బృహస్పతి చంద్రుడు యూరోపాలో లాంటి మంచు పొర కింది సముద్రంలో ఏదైనా ఈదుతున్నా, నేల లోతుల్లో రాతి సందుల్లో సూక్ష్మజీవులు బతుకుతున్నా ఈ అద్దానికి అవి అందవు.